వెర్నా షోకేసు

"టిల్డా కోస్కీ..."

పేరు పిలిచింది టిల్డానే. చీటీ ఆమె చేతిలోనే ఉంది.

పాత ఫైర్ స్టేషన్ హాల్లో కట్టెల స్టవ్ చుట్టూ కూర్చున్న పన్నెండు మందీ ఒక్క క్షణం తలెత్తి చూశారు. కమిటీ పెద్ద డాట్ పెల్కీ గారు చీటీలు వేసిన కాఫీ డబ్బాకి మూత బిగిస్తూ నవ్వారు.

"తన పేరు తనే తీసుకుంది చూడండి. అందుకేనా అమ్మాయ్, ఇందాకట్నుంచీ ఆ చెయ్యి జేబులోనే దాచుకున్నావు?"

అందరూ నవ్వారు. టిల్డా కూడా నవ్వింది. నవ్వుతూనే చీటీని నాలుగు మడతలు పెట్టి స్టవ్‌లో పడేసింది. అది కాలిన వాసన కూడా రాలేదు.

ఆ చీటీ మీద ఉన్నది ఆమె పేరు కాదు. రూబెన్ హానులా అని ఉంది.

రూబెన్ దుకాణాలకి పేర్లు రాసేవాడు. అద్దం లోపలివైపు నుంచి, అక్షరాలు తిరగేసి, బంగారు రేకు అతికించి రాసేవాడు. చీటీ మీద కూడా అదే సొగసుతో రాశాడు. మొదటి అక్షరానికి పొడుగాటి తోక, తోక చివర చిన్న చుట్ట. ఆ చుట్ట చూడగానే ఎవరిదో తెలిసిపోయింది టిల్డాకి. ఆ పేరు పలకడానికే నోరు తెరిచింది. బయటికొచ్చింది మాత్రం తన పేరు.

ఎందుకలా అన్నదో ఆమెకే తెలీదు. పగలు వృద్ధాశ్రమం వంటగదిలో గిన్నెలు తోముతుంది. పని లేనప్పుడు సరస్సు బొమ్మలు వేసుకుంటుంది. ఇరవై మూడేళ్ళలో ఆమె పేరుని ఒక గదిలో అందరికీ వినబడేలా పిలిచినవాళ్ళు లేరు. ఒక్కసారి వినాలనిపించింది... అంతే.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది రూబెన్.

పోర్ట్ ఎల్సీలో నెలకోసారి, మొదటి శుక్రవారం సాయంత్రం, బొమ్మల నడక జరుగుతుంది. ఐదింటికి దుకాణాలన్నీ గోడల మీది సామాన్లు దించేసి ఊళ్ళోవాళ్ళు వేసిన బొమ్మలు తగిలిస్తాయి. ఎనిమిది దాకా జనం కాఫీ కప్పులు పట్టుకుని ఒక్కో దుకాణమే చూసుకుంటూ నడుస్తారు. అన్నిటికంటే పెద్ద గౌరవం షోకేసుది. డబ్బాలోంచి ఎవరి పేరొస్తే వాళ్ళు ఒక షోకేసులో కూర్చుని, వీధంతా చూస్తుండగా పని చేసుకోవాలి. చీటీ తీసేది అందరిలోకి చిన్నవాళ్ళు. అది అక్కడి ఆనవాయితీ.

ఆ నవంబర్ నడకకి మిల్వాకీ నుంచి మిస్ వాన్స్ వస్తోంది. మూతపడ్డ పాత దుకాణాలకి మళ్ళీ కళ తెప్పించే మనిషి. షోకేసులో కూర్చున్నవాళ్ళ పని నచ్చితే ఏడాది పాటు పనిస్తుందని చెప్పుకుంటున్నారు. రూబెన్ మూడేళ్ళుగా డబ్బాలో చీటీ వేస్తున్నాడు. ఊరంతా ప్లాస్టిక్ బోర్డులకి మారిపోయింది. బంగారు రేకు ఎవరికి కావాలి.

"ఈసారీ రాకపోతే నెలాఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ అవగానే వెళ్ళిపోతా. మా అన్న దగ్గరికి, డకోటాలో చమురు బావులకి," అని అతను చెప్పుకున్నది కూడా టిల్డాకే. అతను చెప్తుంటే ఆమె అతని వేళ్ళు చూస్తూ కూర్చుంది. గోళ్ళ అంచున బంగారు పొడి మెరుస్తోంది. నువ్వంటే నాకిష్టం, వెళ్ళకు అని ఆ రోజూ చెప్పలేకపోయింది.

ఇప్పుడు చెప్పలేని మాటలు రెండయ్యాయి.

"సరేగానీ, ఏ షోకేసు?" అన్నారెవరో.

డాట్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. "హార్డ్‌వేర్ వాళ్ళది క్రిస్మస్ సరుకుతో నిండిపోయింది. మందుల షాపు వాళ్ళు కుదరదన్నారు. ఇక మిగిలింది..."

"వెర్నాదేనా?" అన్నాడు రూబెన్.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

*

వెర్నా షోకేసు ముందు నుంచి సాయంత్రం దాటాక ఆ ఊళ్ళో ఎవరూ నడవరు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కకెళ్తారు. ఎందుకు దాటారని అడిగితే, అటు మంచు తక్కువగా ఉందంటారు.

అరవై ఏళ్ళ పైమాట. అప్పుడది హాల్బర్గ్ బట్టల దుకాణం. వెర్నా ట్రెలోర్ అందులో షోకేసు సర్దేది. ఉబ్బసం మనిషి. డిసెంబర్లో ఒక సాయంత్రం, కోట్లు తొడిగిన బొమ్మల మధ్య నిలబడి పండగ అలంకారం చేస్తోంది. షోకేసుకి వెనకవైపు చిన్న తలుపు. దానికి దుకాణం వైపు గడియలా ఒక చెక్క బిళ్ళ, మేకు మీద తిరిగేది. ఆ బిళ్ళ ఎలా వాలిందో వాలింది... యజమాని చూసుకోలేదు. ఆమె ఇంటికెళ్ళిపోయిందనుకుని తాళం వేసుకుని వెళ్ళిపోయాడు.

వెర్నా అద్దం మీద కొట్టింది.

వీధిలో జనం ఆగారు. ఎంత బాగా సర్దావమ్మా అన్నట్టు నవ్వారు, చెయ్యి ఊపారు. ఆ సాయంత్రం ఊళ్ళో సగం మంది ఆమెకి చెయ్యి ఊపారట.

కాసేపటికి ఆమె కుడి మూలన కూర్చుంది. అద్దానికి చెంప ఆనించి... బొమ్మల మధ్య ఇంకో బొమ్మలాగ. తెల్లారి పాలబండి అతను వచ్చి చూసేదాకా అలాగే కూర్చుని ఉంది.

ఆ తర్వాత అక్కడ చెప్పుల షాపు పెట్టారు, క్యాసెట్ల షాపు పెట్టారు. ఏదీ రెండు చలికాలాలు నిలవలేదు. చీకటి పడితే అద్దం మీద లోపల్నుంచి ఎవరో కొడుతున్నట్టుంటుందని, మెల్లగా, మర్యాదగా కొడుతున్నట్టుంటుందని చెప్పుకుంటారు.

*

శుక్రవారం మధ్యాహ్నం రూబెనే వచ్చి అద్దం తుడిచాడు. టిల్డా వేసిన సరస్సు బొమ్మలు ఎనిమిది, షోకేసు పక్క గోడలకి అతనే తగిలించాడు. చిన్న కిరసనాయిలు హీటర్ ఒకటి తెచ్చి పెట్టాడు. వెనక తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెక్క బిళ్ళని వేలితో తట్టి చూశాడు.

"ఇది వదులుగా ఉంది. నేల అదిరితే వాలిపోయేట్టుంది. ఉండు, మేకు బిగిస్తా."

"వద్దులే."

"రెండు నిమిషాల పని."

"వద్దన్నానా, రూబెన్? అన్నీ నువ్వే చేస్తే ఇక నేనెందుకు?"

గొంతు అంత కటువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. అతను సాయం చేసిన ప్రతిసారీ ఆమెకి లోపల ఏదో గుచ్చుకుంటోంది. అతను సుత్తి సంచిలో పెట్టేసుకున్నాడు.

"భయం వేస్తోందా?" అన్నాడు మెల్లగా.

"దేనికి?"

"వెర్నాకి."

"ఆవిడకి నాతో ఏం పని?"

"ఏమో. ఒంటరిగా ఉండి ఉండి విసుగొచ్చిందేమో," అని నవ్వాడు. "డాట్ గారు నన్ను ఫైర్ స్టేషన్లో కాఫీ పొయ్యమన్నారు. ఏడున్నరకి పాస్టీ పట్టుకొస్తా, లోపల కూర పెట్టి కాల్చింది, వేడివేడిది. నీకు టర్నిప్ వేసిందే కదా."

అతను వెళ్ళాక టిల్డా ఒక అట్ట ముక్క తీసుకుని పెద్ద అక్షరాలతో రాసింది. మిస్ వాన్స్ కోసం వారం రోజులుగా ఆలోచించి పెట్టుకున్న మాటలు అవి.

"అద్దం వెనక. ఎనిమిది దాకా చిత్రకారిణి బయటికి రాదు. ఆమె ఏం చేసినా అది బొమ్మలో భాగమే. చూడండి, అంతే. దయచేసి తలుపు తెరవకండి."

అట్టని అద్దానికి బయటివైపు అంటించింది. కోటు, కోటు జేబులో ఫోను దుకాణంలో కుర్చీ మీద పెట్టింది. నడుం వంచి చిన్న తలుపులోంచి దూరి, దాన్ని దగ్గరగా లాక్కుంది.

ఐదయింది. సరస్సు మీద అప్పటికే చీకటి పడింది.

*

మొదటి గంట కలలా గడిచింది. బయట సన్నగా మంచు. దీపాల కింద మనుషులు. ఆ చివర అకార్డియన్ వాయిస్తున్నారు. ఈ ఒక్క రోజుకి జనం రోడ్డు దాటలేదు, అద్దం ముందే నిలబడ్డారు. టిల్డా కుంచె కదిపితే అన్ని కళ్ళూ కదులుతున్నాయి. ఇదేనా పేరంటే, అనుకుంది. ఇంత వెచ్చగా ఉంటుందా...

ఆరు దాటాక తల బరువెక్కింది.

హీటర్ వాసన. అంత ఇరుకు పెట్టెలో కిరసనాయిలు పొగ. కణతలు టకటకమంటున్నాయి. హీటర్ ఆర్పేసింది. కాసేపు తలుపు తెరిచి గాలి పీల్చుకుందామని వెనక్కి తిరిగి చిన్న తలుపుని తోసింది.

కదల్లేదు.

ఇంకా గట్టిగా తోసింది. భుజం ఆనించి తోసింది. తలుపు గోడలో కలిసిపోయి ఉంది. ఇటువైపు పిడి కూడా లేదు.

మధ్యాహ్నం రూబెన్ వేలితో తట్టిన బిళ్ళ గుర్తొచ్చింది. పక్క దుకాణంలోకి జనం ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. పాత చెక్క నేల... అదిరే ఉంటుంది.

"ఎవరండీ... దుకాణంలో ఎవరైనా ఉన్నారా?"

ఉండరు. దుకాణం ఖాళీ. తలుపు తెరవొద్దని రాసింది తనే.

టిల్డా అద్దం వైపు తిరిగి అరచేతులతో కొట్టింది.

బయట జనం నవ్వారు. ముందున్న ఆవిడ పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ అట్ట ముక్క వంక చూసి తలూపారు. టిల్డా మళ్ళీ కొట్టింది. ఎవరో ఆ దెబ్బలకి తాళం కలిపి చప్పట్లు మొదలుపెట్టారు. అకార్డియన్ అతను కూడా వీధి చివర్నుంచి ఇటే వచ్చి, ఆమె చేతుల వేగం చూసి పాట వేగం పెంచాడు.

ఆమె చేతులు దించేసింది. చప్పట్లు ఆగాయి. అందరూ ఎదురుచూస్తున్నారు — ఇంకేం చేస్తుందో అని.

"తలుపు..." అంది. ఆ మందపాటి అద్దం లోంచి మాట బయటికి వెళ్ళలేదు. ఆవిరి మాత్రం పడింది.

రంగు తీసుకుంది. అద్దం మీద, తలుపు తెరవండి, అని రాసింది. రాశాక అర్థమైంది... బయటివాళ్ళకి తిరగబడి కనిపిస్తుంది. తుడిచి, తిరగేసి రాయబోయింది. చెయ్యి ఎటు తిప్పాలో తెలీలేదు. రూబెన్ అయితే మాటలు చెప్తూ రాసేస్తాడు. ఇక్కడ కూర్చోవాల్సినవాడు ఎందుకు కూర్చోవాలో అప్పుడు, ఆ చలిలో, ఆమె చేతికి తెలిసింది. రెండు అక్షరాలు పాములా మెలి తిరిగి ఆగిపోయాయి.

జనానికి అది ఇంకా నచ్చింది. ఫోన్లు పైకి లేచాయి.

అమ్ముడైన బొమ్మ మీద చిన్న ఎర్ర బిళ్ళ అంటించడం అక్కడి అలవాటు. చెవుల మీదికి టోపీ లాక్కున్న ఒక ముసలాయన సరదాగా ముందుకొచ్చి, జేబులోంచి ఎర్ర బిళ్ళ తీసి, అద్దం మీద సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా అంటించాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆమె ఏడుస్తోంది. ఆ ఏడుపుని కూడా ఎవరో ఫోటో తీసుకున్నారు.

అమ్ముడైపోయాను, అనుకుంది టిల్డా. నా పేరు వినడం కోసమే...

వాళ్ళలో ఊరికి కొత్త మనిషి ఒకామె. ఆవిడే మిస్ వాన్స్ అని టిల్డా పోల్చుకుంది. ఆకుపచ్చ కోటు, పొట్టి తెల్ల జుట్టు. నవ్వకుండా, చేతులు కట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆ చూపులో మెచ్చుకోలుంది. టిల్డా ఆమెకే చేతులు జోడించింది. మిస్ వాన్స్ మెల్లగా తలవంచింది — దణ్ణానికి దణ్ణం పెట్టినట్టు.

*

హీటర్ ఆరిపోయాక చలి నేల పలకల్లోంచి పాకింది. టిల్డా ఎడమ మూలన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఊపిరి ఆడటం లేదు. ఆడుతోందో లేదో కూడా తెలియడం లేదు. తల లోపల ఎవరో దూది కుక్కినట్టుంది.

జనం పల్చబడ్డారు. కొందరు అవతలి దుకాణానికి వెళ్ళిపోయారు.

ఒక ముసలి కుక్క మాత్రం కదల్లేదు. తాడు పట్టుకున్నావిడ లాగుతోంది, అది రావడం లేదు. షోకేసు కుడి మూల ఎదురుగా కూర్చుంది. టిల్డా ఉన్నది ఎడమ మూలన. కుక్క అటు చూస్తోంది... కుడివైపుకి. తోక మెల్లగా ఊపుతోంది.

టిల్డా అటు చూసింది.

ఏమీ లేదు. ఖాళీ మూల. అద్దం.

అద్దం మీద... కింద, కూర్చున్న మనిషి నోరు ఉండే ఎత్తులో... గుండ్రంగా ఆవిరి.

చెరిగిపోయింది.

మళ్ళీ పడింది.

టిల్డా ఊపిరి బిగబట్టింది. తన ఊపిరేమో, ఎలాగో అటు వెళ్ళిందేమో అని. బిగబట్టినా సరే — అక్కడ ఆవిరి పడింది. చెరిగింది. పడింది. పొట్టి పొట్టి ఊపిరులు, తొందర తొందరగా... లోపలికి లాక్కోలేని మనిషి ఊపిరి.

అరవాలని నోరు తెరిచింది. అరిచి ఏం లాభం. చప్పట్లు కొడతారు.

"వెర్నా?" అంది గుసగుసగా.

ఆవిరి ఒక్క క్షణం ఆగింది.

పొగ తలకెక్కింది, అనుకుంది టిల్డా. కిరసనాయిలు పొగ, అంతే, అంతే... వీపు గోడకి అంటుకుపోయింది. ఇంకా వెనక్కి జరగడానికి చోటు లేదు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల నేల.

"నేను నిన్నేం చెయ్యలేదు," అంది. "నీది నేనేమీ తీసుకోలేదు. నేను తీసుకున్నది..."

అక్కడ ఆగిపోయింది.

ఆవిరి పడింది. చెరిగింది. వింటున్నట్టుంది.

"చెప్తాను. ఇక్కణ్ణుంచి బయటపడితే అతనికి చెప్పేస్తాను. రెండూ చెప్పేస్తాను. నన్ను ఇక్కడ నీ పక్కన కూర్చోబెట్టుకోకు, వెర్నా."

అప్పుడు అద్దం అవతల రూబెన్ కనిపించాడు.

చేతిలో కాగితం పొట్లం, పొట్లంలోంచి పొగలు. నవ్వుతూ వచ్చాడు. టిల్డా పాక్కుంటూ వెళ్ళి అద్దం మీద రెండు చేతులూ ఆనించింది. అతను ఆమెని చూశాడు, అట్ట ముక్క చదివాడు... మెచ్చుకుంటున్నట్టు బొటనవేలెత్తి చూపించాడు.

ఆమె లోపల ఏదో తెగిపోయింది. ఇతను కూడానా.

ఆ తర్వాత రూబెన్ చూపు ఆమె మీంచి జారింది. కుక్క మీద పడింది. కుక్క చూస్తున్న చోటికి పోయింది. నవ్వు ఆగింది. కిందికి వంగి, కుడి మూలన అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె వంక మళ్ళీ చూడనే లేదు.

లేచాడు. పొట్లం చేతిలోంచి మంచులో పడింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయాడు.

వీధి దీపాలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతున్నాయి. టిల్డా చెంప అద్దానికి ఆనింది. చల్లగా, హాయిగా ఉంది. నిద్రొస్తోంది. ఇలాగే కూర్చుందేమో ఆవిడ కూడా...

వెనకాల ఏదో గీరినట్టు చప్పుడయింది.

చెక్క మీద చెక్క. ఒకసారి. మళ్ళీ.

తలుపు తెరుచుకుంది.

*

రూబెన్ ఆమెని చంకల కింద పట్టుకుని దుకాణంలోకి లాగాడు. నేల మీద పడుకోబెట్టి తన కోటు కప్పాడు. ఆమె గాలి మింగుతోంది, దగ్గుతోంది, మళ్ళీ మింగుతోంది.

అతను మాత్రం టార్చి పట్టుకుని షోకేసులోకి సగం దూరి వెతుకుతున్నాడు.

"ఏదీ ఆవిడ?" అన్నాడు.

"ఎవరు?"

"నీతోపాటు ఉన్నావిడ. ఆ మూలన. ఎక్కడికెళ్ళింది?"

టిల్డా మోచేతి మీద కొంచెం లేచింది. "నువ్వు... ఎవర్ని చూశావు?"

"మనిషిని చూళ్ళేదు. ఊపిరి చూశాను." షోకేసులోంచి తల బయటికి తీశాడు. "బంగారు రేకు అతికించే ముందు అద్దం మీద ఊపిరి వదుల్తాం టిల్డా, అతుక్కోవడానికి. ఇరవైసార్లు కాదు, రోజుకి రెండొందలసార్లు. అద్దం మీద పడ్డ ఊపిరి నాకు తెలీకపోవడమేంటి. నువ్వు బానే ఉన్నావనుకున్నా, ఆట ఆడుతున్నావనుకున్నా. కానీ ఆ మూలన ఊపిరి... అది ఆట కాదు. ఎవరో చచ్చిపోతున్నారు అక్కడ. వాళ్ళ కోసం తలుపు తీశాను."

టార్చి వెలుగు కుడి మూలకి పోయింది. ఖాళీ నేల. దుమ్ము. దుమ్ము మీద ఏ గుర్తూ లేదు.

అద్దం మీద చిన్న గుండ్రం ఇంకా ఉంది. ఇద్దరూ చూస్తుండగా అది అంచుల్నుంచి లోపలికి, నిదానంగా, ఏ తొందరా లేకుండా చెరిగిపోయింది.

మళ్ళీ పడలేదు.

దుకాణం తలుపు తోసుకుని డాట్ గారు, వెనకాల మిస్ వాన్స్ వచ్చారు. వాళ్ళ వెనక గుమ్మంలో పదిమంది.

"ఏమయిందిరా? ఎనిమిది కాకుండానే తీసేశావేం?" అన్నారు డాట్ గారు. టిల్డా ముఖం చూసి మోకాళ్ళ మీద కూలబడ్డారు. "అయ్యో తల్లీ... ఇది ఆట కాదా?"

"బిళ్ళ వాలిపోయింది డాట్ గారూ. లోపల ఇంకొకరు కూడా..." అన్నాడు రూబెన్.

"పొగ ఎక్కిందిరా పిల్లకి. కిరసనాయిలు వాసన ఎలా కొడుతోందో చూడు."

"నాకెక్కలేదుగా. నేను బయటున్నాను."

డాట్ గారు షోకేసు వంక చూడకుండా టిల్డా చేతులు రుద్దుతూ కూర్చున్నారు. ఎవరో గోరువెచ్చని కాఫీ తెచ్చారు. ఎవరో ఏలకుల రొట్టె ముక్క తెచ్చారు.

మిస్ వాన్స్ ముందుకొచ్చి వంగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నన్ను క్షమించమ్మా. నువ్వు చేతులు జోడిస్తే నేను తలవంచి ఊరుకున్నాను. కానీ ఒక మాట చెప్పాలి. ఆ సరస్సు బొమ్మలు నీవే కదా. ఎంతమంది వేసినవో చూశాను, ఇలాంటివి చూళ్ళేదు. ఒంట్లో బాగయ్యాక మిల్వాకీ రా. మూడు షోకేసులున్నాయి. ఏడాది పాటు నీవే."

గుమ్మంలో ఉన్నవాళ్ళు మెల్లగా చప్పట్లు కొట్టారు. ఈసారి అద్దం లేదు మధ్యలో. ఆ చప్పుడు నేరుగా ఆమె చెవుల్లో పడింది.

"టిల్డా కోస్కీ," అన్నారెవరో గర్వంగా. "మన ఊరి పిల్ల."

రూబెన్ ఆమె పక్కనే కూర్చుని నవ్వుతున్నాడు. ఆ నవ్వులో ఎక్కడా వంకర లేదు. "చెప్పానా, నువ్వు కూర్చుంటే ఆ షోకేసుకి పట్టిన దరిద్రం వదుల్తుందని."

"అలా నువ్వెప్పుడన్నావు?"

"మనసులో అనుకున్నాలే. పైకి అంటే తిడతావని." కోటు ఆమె మెడ దాకా లాగాడు. "మంచిదే టిల్డా. ఇద్దరిలో ఒకరికైనా వచ్చింది. నేను డకోటా వెళ్ళినా నీ షోకేసు గురించి చెప్పుకుంటా అక్కడ."

టిల్డా అతని వంక చూసింది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. చీటీ లేదు. సాక్ష్యం లేదు. మిల్వాకీ ఉంది, మూడు షోకేసులున్నాయి, ఏడాది ఉంది. ఊరంతా తన పేరు పిలుస్తోంది. ఊరుకుంటే చాలు.

ఊరుకోవడానికే నోరు మూసుకుంది. మూసుకోగానే ఛాతీలో గాలి ఆగిపోయింది. అద్దం లేదు, తలుపు బార్లా తెరిచే ఉంది, వీధి గాలి మంచుతో సహా లోపలికొస్తోంది. అయినా ఊపిరి అందడం లేదు. పొట్టి పొట్టిగా, తొందర తొందరగా లాక్కుంటోంది...

"టిల్డా? ఏంటి, మళ్ళీ ఏమైంది?" రూబెన్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

ఆమె లేచి కూర్చుంది. అతని చెయ్యి తీసి, వదలకుండా తన రెండు చేతుల్లో పట్టుకుంది.

"మిస్ వాన్స్, వెళ్ళకండి. డాట్ గారూ, మీరు కూడా వినండి. రూబెన్... నువ్వు వెళ్తే నేను బతకలేనని నీకు ఎప్పుడో చెప్పాల్సింది, అది తర్వాత చెప్తాను. ముందు ఇది. ఆ రోజు డబ్బాలోంచి వచ్చింది నా పేరు కాదు. నీ పేరు. చదివి కూడా నా పేరే పలికాను. ఆ షోకేసు నీది, నేను దొంగిలించాను."